త్రాటి బరువు

గ్రీష్మమధ్యాహ్నమార్తాండచండకిరణసంతప్తములై నల్లమల కొండలు సెగలు గ్రక్కుచుండెను. నిష్పత్రతరుశాఖాసంకులములగు లోయలయందు గాలి స్తంభించి యుండ అభ్రంకషమైన యొక శిలాకుడ్యపు నడుమ ముందుకు పొడుచుకొని వచ్చిన బండపై కొండగద్ద యొకటి గూడు కట్టి తన యేకైకశాబకమును పెంచుకొనుచుండెను.

ఆ శిలాకుడ్యపు తలమీద చెంచు ఈదన్న వెన్నును బండ కాన్చి తీగత్రాటిని రెండు చేతుల బిగబట్టి కూర్చుండెను. త్రాటి కొసను వాని చెల్లెలి మగడు లింగన్న వ్రేలాడుచుండెను. తేనెకు దిగువాని త్రాటిని ఆలి తోడబుట్టినవాడు దక్క అన్యుడు పట్టరాదని వారి యాచారము; చెల్లెలి తాళికి చేటు కోరు అన్న యుండడని వారి నమ్మకము. అయితే నేడు దిగినది తేనెకు గాదు. మృగయావ్యసనపరాయణుడైన కోటదొర తనకు గద్దపిల్లను తెచ్చి యీయవలెననియు లేకున్న రేపటికి కొండ విడిచి పోవలెననియు ఆజ్ఞాపించి యుండెను. పచ్చిబాలింతయగు చెల్లెలు గురవమ్మను పసికందుతో నే యడవికి తోడ్కొనిపోదునా యని ఈదన్న చింతించుచుండెను.

త్రాడు చాలసేపు కదలలేదు. పిదప లాగుమను గురుతుగా మెల్లగ నదరెను. లాగినతోడనే ఈదన్న యరచేతులకు సంగతి తెలిసిపోయెను. దిగినప్పటి బరువే గాని పిసరంతయు హెచ్చు లేదు.

పైకి వచ్చిన లింగన్న ఖాళీబుట్టను క్రింద పెట్టి తల వంచుకొనెను.

"గూట్లో పిల్ల లేదా లింగా?" అని ఈదన్న యడిగెను.

"ఉన్నాది బావా. తల్లి గూడ ఉన్నాది. పిల్ల మీద ఎండ పడకుండ రెక్కలు ఇప్పి నిలబడ్డాది. నోరెండి రొప్పుతాది గానీ నన్ను సూసి గూడ లేసిపోలా. నాకు సెయ్యాడలేదు బావా."

ఈదన్నకు కోపము ముంచుకొని వచ్చెను. తిట్టుటకు నోరు తెఱచెను. అంతలో ఆ ప్రొద్దున గుడిసెవాకిట పైటచెఱగు పసిదానిపై కప్పి తాను మాత్ర మెండలో కూర్చుండిన గురవమ్మ కన్నులయెదుట మెదలగా తెఱచిన నోరు మూతపడెను.

"సరేలే. పోయి మూటలు గట్టుకుందాం పా" అనెను.

మఱునాడు నీడలేని రాతిబాటపై గురవమ్మ బిడ్డ నెత్తుకొని నడచుచుండ లింగన్న కంబళిని రెండు చేతుల చాచిపట్టి వారికి నీడ చేయుచు వచ్చెను. కొంతదూరమున కాతని చేతులు వణకసాగెను.

"ఒక కొస ఇట్లియ్యి" అని ఈదన్న త్రాడొరసి బొబ్బలెక్కిన చేత దాని నందుకొని ఆ త్రాటివలెనే జాఱనీక పట్టుకొని నడచెను.