ఎగిరిపోయిన కామా

పరీక్షలు దగ్గరపడితే హువే ఊరిని వాన పట్టుకుంటుంది, ఖుయెన్ కొట్టుని పిల్లలు పట్టుకుంటారు. నర్సింగు కాలేజీ గేటుకి ఎదురుగా ఆమెది జెరాక్సు కొట్టు.

"పిన్నీ, నాది ఇంకాస్త చిన్నగా తియ్యి."

"ఇంకెంత చిన్నగా? చీమకేమైనా చదువు చెబుతావా?"

"అరచేతిలో ఇమడాలి పిన్నీ. మా మేడమ్‌ది గద్దచూపు!"

ఇలా కుదించి మడతలు పెట్టిన కాగితాన్ని పిల్లలు బెండు అంటారు, మునగకుండా పట్టుకునేది కనుక. అది తప్పని ఖుయెన్‌కి తెలుసు. వీధంతా తీస్తుంటే నేనొక్కదాన్ని మానితే ఏమవుతుందిలే అని సర్దిచెప్పుకునేది. కూతురు దియెప్ అదే కాలేజీలో చివరి ఏడాది చదువుతోంది. దానికి ఇలాంటివాటితో పనిలేదన్నది ఆమె ధీమా.

పరీక్ష అయిన కొన్నాళ్లకి, మందుల పాఠం చెప్పే లువా మేడమ్ కొట్టుకొచ్చింది. గొడుగు బయట పెట్టి, బల్లమీద ఒక బెండు పరిచింది.

"ఇది నీ మిషన్‌దేనా?"

ఖుయెన్ దాన్ని వెలుతురుకి పట్టి చూసింది. కాగితం అంచున సన్నటి నల్లగీత ఉంది. తన మిషన్ అద్దం మీది గీతే అది.

"చంటిపిల్లకి పట్టే మందిది. రెండు, దశాంశం కామా, అయిదు. అంటే రెండున్నర మిల్లీలు. నువ్వు కుదించేసరికి కామా ఎగిరిపోయింది. క్లాసులో సగంమంది జవాబుల్లో పిల్లకి ఇరవై అయిదు పట్టేశారు."

"చూసుకోలేదు మేడమ్..."

"నువ్వెందుకు చూస్తావు? చూడాల్సింది వాళ్లు. ఒక్కరు మాత్రం రెండున్నర అనే రాసి, దాన్ని కొట్టేసి ఇరవై అయిదు చేశారు. పేరు చెప్పను, నీ ఇంట్లోనే అడుగు. సోమవారంలోగా తమంతట తాము వచ్చి ఒప్పుకున్నవాళ్లు మళ్లీ రాయొచ్చు. రానివాళ్ల చదువు అక్కడితో సరి."

సాయంత్రం కొట్టులోనే దియెప్ ముందు ఆల్చిప్పల మాంసం కలిపిన అన్నం పెట్టి ఖుయెన్ అడిగింది.

"ముందు ఎంత రాశావే?"

దియెప్ చెంచా కింద పెట్టింది.

"రెండున్నర."

"మరి కొట్టేశావేం?"

"భయమేసి మన మిషన్ ట్రేలోంచి ఒక బెండు తీసుకెళ్లానమ్మా. అందులో ఇరవై అయిదుంది. అచ్చులో ఉన్నది తప్పవుతుందా, నేనే మర్చిపోయి ఉంటానని..."

"వెళ్లి అదే చెప్పు."

"చెబితే ఎక్కడ తీయించావో రాసి సంతకం పెట్టమంటారు. నీ కొట్టు మూయిస్తారు. నేను చెప్పను."

ఖుయెన్ లేచి, మేడమ్ బల్లమీదే వదిలి వెళ్లిన బెండుని మిషన్‌లో పెట్టి పెద్దది చేసింది. వచ్చిన కాగితాన్ని మళ్లీ పెట్టి ఇంకా పెద్దది చేసింది. అంకెలు అరచేయంత అయ్యాయి. రెండుకీ అయిదుకీ మధ్య తెల్లగానే ఉంది. కుదించినప్పుడు పోయింది ఎంత పెంచినా తిరిగి రాలేదు. తెలిసిన సంగతిని ఈ పిల్ల చేత కొట్టేయించింది ఈ కాగితమే.

మిషన్ తీగ గోడలోంచి పీకేసింది.

"రేపు నేనూ వస్తాను. ఎక్కడ తీసిందో నేనే రాసిస్తా. నువ్వు నీ మాట చెప్పు చాలు."

"నా వల్ల నీ కొట్టు..."

"కొట్టు పోతే ఇంకోటి చూసుకుంటాను. నువ్వు నర్సువైతే ఎవరి బిడ్డకో నీ చేత్తో మందు పట్టాలి. తిను ముందు, చల్లారిపోతోంది."

తెల్లవారి, మూసిన తలుపు ముందు ఒక అమ్మాయి గొడుగుతో నిలబడి ఉంది.

"తెరవలేదేం పిన్నీ? మా జూనియర్లకి రేపే పరీక్ష!"

"ఇంకా ఒక పగలుంది. వెళ్లి చదువుకో," అని, కూతురి గొడుగులోకి దూరి, ఖుయెన్ కాలేజీ గేటువైపు నడిచింది.