వల తాకిన మోచెయ్యి

సాంబమూర్తి టేపు పట్టి వల ఎత్తు మూడోసారి కొలిచాడు. సింగపూరులో జురాంగ్ వెస్ట్ అపార్టుమెంటు బ్లాకుల మధ్య సిమెంటు కోర్టు అప్పుడే కాలుతోంది. బట్టతల, వంగిన భుజాలు, కమిలిన మెడ. పాత కంప్యూటరు ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలకు మార్చే ఉద్యోగం. ఆఫీసుకు రాకపోయినా ఎవరూ గమనించరు. ఆదివారం రిఫరీగా ఎత్తు బల్లెక్కి ఈల నోట పెట్టుకుంటే మాత్రం వందమంది అతనివైపే చూస్తారు.

రెండువేల సంవత్సరం వచ్చింది, కంప్యూటర్లేవీ ఆగలేదు. అతని కాంట్రాక్టు ముగిసింది. ఈ సాయంత్రమే ఇంటికి విమానం.

వాలీబాల్ ఫైనల్, చివరి సెట్టు. చోవా చూ కాంగ్ జట్టు పద్నాలుగు, తమ జురాంగ్ జట్టూ పద్నాలుగు; ఈ పోటీల్లో ముందు పదిహేను చేసినవాళ్లదే కప్పు. అతనితో ఒకే గదిలో ఉండే మహీధర్ గాల్లోకి లేచి కొట్టాడు. బంతి నేలను పగలగొట్టినంత చప్పుడు. జనం లేచి గంతులేశారు. సాంబమూర్తికీ గుండె ఎగిరిపడింది. కానీ కిందికి దిగుతున్న మహీధర్ మోచెయ్యి వలకు తగలడం అతను చూశాడు. అతనొక్కడే చూశాడు.

ఈల మోగింది. కప్పు చోవా చూ కాంగ్‌ది.

"తగిలినట్టు నాకే తెలీలేదన్నా," అన్నాడు మహీధర్, ముఖం పాలిపోయి.

"తెలుసు. అయినా పాయింటు వాళ్లదే."

పోటీలు నడిపే జగన్మోహనరావు గారు కాగితాల ఫైలుతో వచ్చారు. మహీధర్ వల తాకి, చెప్పకుండా గెలుపు కేకలు వేశాడు కాబట్టి అది మోసమేననీ, మోసానికి ఏడాది నిషేధమనీ అన్నారు. చుట్టూ గోల లేచింది. సాంబమూర్తి బల్ల దిగాడు.

"పాయింటు పోవడానికి తగిలితే చాలండీ. మనిషిని బయటికి పంపాలంటే కావాలని చేసుండాలి. అతనికి తగిలిన సంగతే తెలీదు."

"మీ రూమ్మేటు కాబట్టి ఇలా చెబుతున్నారు."

"నా రూమ్మేటే కదండీ ఇప్పుడు ఓడిపోయింది."

ముందు నవ్వింది అవతలి జట్టు కెప్టెన్ కౌశల్. నిషేధం వద్దని అతనే అన్నాడు. జగన్మోహనరావు గారు ఫైలు మూసేశారు.

సాయంత్రం టాక్సీ దగ్గర సాంబమూర్తి పెట్టెను మహీధర్ డిక్కీలో పెట్టాడు.

"నువ్వు చూడకుంటే కప్పు మాదేనన్నా."

"అవును. గెలిచేవాళ్లం," అన్నాడు సాంబమూర్తి.

ఆ 'గెలిచేవాళ్లం' విని మహీధర్ తలెత్తి చూశాడు. ఏదో అనబోయేలోగా టాక్సీ కదిలింది.

మహీధర్ వల విప్పడానికి కోర్టుకు వెళ్లాడు. అక్కడ పిల్లలు ఆడుకుంటున్నారు. ఎత్తు బల్ల ఖాళీగా ఉంది, అయినా ఎవరూ ఎక్కలేదు. హాకర్ సెంటర్లో తినడానికి కూర్చునే చోటు ముందే 'చోప్' చేసి, ఇది మాదని గుర్తు పెట్టుకున్నట్టు, దానిమీద సాంబమూర్తి చెమట తుడుచుకునే, సగం వాడిన టిష్యూ పొట్లం ఒకటి ఉంది.