జిలేబి చేప నోరు

పొయ్యి బూడిద రుద్ది జిలేబి చేపల పొలుసు గీరుతున్నాను. రేపటి నుంచి మా చేను బావిలో పూడిక తీస్తారు. అందుకని నాయన పొద్దున్నే మోటారు పెట్టి నీళ్లన్నీ పల్లి చేనుకు వదిలి, అడుగున చిక్కిన చేపలను బకెట్‌లో తెచ్చాడు.

బకెట్ నీళ్లలో ఇంకా ఈదుతున్న చివరిదాన్ని పట్టుకోగానే నా చేయి ఆగింది. అరచేతికన్నా చిన్నది. గదవ కింద ఉబ్బెత్తుగా ఉంది, నోరు గట్టిగా మూసుకుంది. అది నేనెరిగిన చేపే. మధ్యాహ్నం ఎండ బావిలోకి నిలువుగా దిగే వేళ మెట్టు మీద కూర్చుని చూసేదాన్ని. మగచేప బురదలో పళ్లెంలాంటి గుంట తవ్వుకుంది. ఆకుపచ్చటి వెలుతురులో ఇది ఆ గుంట చుట్టూ నిద్రలో నడిచినట్టు తిరిగేది. తర్వాత ఎన్ని మెతుకులు వేసినా నోరు తెరవలేదు.

దాన్ని బావి నీళ్ల బేసిన్‌లో వదిలాను.

"దాన్నెందుకు ఇడిసినవ్?" అన్నాడు నాయన, అన్నం ముందు కూర్చుంటూ.

"నోట్ల పిల్లలున్నయి నాయనా. చెరువుల ఇడిసొద్దాం."

"పిల్లల్ని మింగే జాతది! మందకు మంద గుటుక్కున మింగంగ నా కండ్లతోని సూసిన. దాని మీద జాలేంది?"

నాయన తల్లి, మా అవ్వ భీమమ్మ నవ్వింది. "నువ్వు నా కొంగుల దూరినప్పుడు నిన్ను గూడ మింగిన్ననుకున్నరేమో!"

"సరే, నేను తినేదాంక సూస్త. పిల్లలు రాకుంటే అది గూడ పెనం మీదికే."

వాకిట్లోంచి సాయంత్రపు ఎండ బేసిన్‌లో పడి, దాని వెలుగు గోడ మీద అలలాడింది. చేప కదలలేదు. నాయన పళ్లెం సగమైంది. అప్పుడు నోరు తెరుచుకుంది. పొగలాగా, నువ్వుగింజలంత కళ్లతో పిల్లలు బయటికొచ్చి నీళ్లంతా పరుచుకున్నాయి.

నాయన వంగాడు. ఆయన నీడ పడగానే అన్నీ తల్లి నోట్లోకి దూరిపోయాయి.

"గిదే! మింగె, సూసినవా?"

"జర ఎనక్కి జరుగు నాయనా."

జరిగాడు. ఎండ తిరిగి నీళ్లలో పడింది. నోరు మళ్లీ తెరుచుకుంది. పిల్లలు ఒక్కొక్కటే వచ్చాయి. నాయన చేయి అడ్డం పెట్టాడు, దాక్కున్నాయి. తీశాడు, వచ్చాయి. అలా ఎంతసేపు చేశాడో.

"కూర సల్లగైతుంది రా," అంది అవ్వ.

నాయన పళ్లెంలోనే చేయి కడుక్కున్నాడు. బేసిన్‌ను రెండు చేతులా ఛాతీకి ఆనించుకుని, నీళ్లు తొణకకుండా, గడప దాటి చెరువు దారి పట్టాడు.