కత్తెరకు లొంగని మరణదృశ్యము

అపకారము నొందినదెవ్వరు? ఏ విధమున నొందినది? అపకారము నొందినది నటీమణి మాణిక్యాంబ. ఒక కల్పితకథ యామె నిజజీవితమును దహించినది.

వర్షర్తువు. కోడంబాకముపై కాటుకకొండలవలె క్రమ్ముకొన్న కార్మొగిళ్లు మధ్యాహ్నసూర్యుని మ్రింగివైచినవి. స్టూడియోలో అట్టలతో నిర్మింపబడిన శ్మశానవాటికయందు కృత్రిమధూమము కాలసర్పమువలె నేలబారున ప్రాకుచుండెను. ఆ ధూమమధ్యమున మరణింపవలసిన వేషముతో మాణిక్యాంబ కూర్చుండెను.

ఛాయాచారి యను చిత్రపరంపర తొలి యైదు భాగములందును గూఢచారికి బుద్ధియు నేత్రమునై నడిపించిన చంద్రహాస పాత్ర యామెది. ఆమె కనుబొమ యెత్తినంతనే నేలతరగతి యీలలతో మారుమ్రోగెడిది. ఆ యీలలను సహింపజాలక కథానాయకుడును నిర్మాతయునగు భార్గవరాయుడు ఆరవ భాగమున పూర్వాపరసంగతి లేకయే చంద్రహాసను దేశమును అమ్ముకొన్న ద్రోహినిగా మార్పించెను. దర్శకుడు నృసింహాచార్యులు నోరెత్తడయ్యెను. బెజవాడలో తెరపై నామె చెంపకు చెప్పు తగిలి తెర చినిగెను. వేషమునకును వేషధారికిని భేదమెరుంగని జనము సంతలో నామెపై నుమిసెను. తెనాలిలో కన్నతల్లి ద్రోహిని గన్నదన్న నిందను మోయుచునే కన్నుమూసెను.

ఆ పాపము చిత్రములను సైతము విడువలేదు. బుద్ధిని గోల్పోయిన గూఢచారికి పిమ్మటి భాగములందు కవలసోదరుడును మాటలాడు చిలుకయు గాలిలోనెగురు మోటారుకారును తోడు తేబడినను జనము నానాటికి పలుచబడెను. తుదకు భార్గవరాయునకు ఒక్క యుపాయము తోచెను: ద్రోహిని మరల రప్పించి తన చేతులార చంపుట.

మాణిక్యాంబ సమ్మతించెను. అయితే చంద్రహాస నిర్దోషియని గూఢచారి యామె తుదిశ్వాసకు ముందే చెప్పవలెననియు, గుండుదెబ్బ మొదలు మరణమువరకు నొక్క టేకుననే చిత్రింపవలెననియు నియమము విధించెను. మాటను కత్తిరించినచో మరణమే తెగిపోవును.

“ఏమమ్మా మాణిక్యాంబా, చావటానిక్కూడా ఇన్ని షరతులా?” యని భార్గవరాయుడు పరిహసించెను.

“బతకటానికి మీరేమీ మిగల్చలేదుగా, రాయుడుగారూ!”

ఆతడు నవ్వెను. ఆ మాటను మ్రింగివేయ నాతడు ముందే నిశ్చయించుకొన్నాడని ఆ నవ్వే యామెకు చెప్పెను. ఆతని యాహ్వానముపై వచ్చిన పంపిణీదారులు కుర్చీలలో సర్దుకొనిరి. ఒక్క టేకులో ముగించెదనని వారియెదుట నాతడు ప్రగల్భములు పలికియుండెను.

కెమెరా తిరిగెను. పిస్తోలు మ్రోగెను. మాణిక్యాంబ యాతని బాహువులలోనికి కూలెను. ఆతడు పలుకవలసిన మాట పలుకక, కన్నీరు మాత్రము రాల్చి, అరచేత నామె రెప్పలు మూసెను. రెప్పలు మరల తెరచుకొనెను. మరల మూసెను. మరల తెరచుకొనెను.

“చావవేమే!” యని యాతడు పెదవి కదల్పక గొణిగెను.

“ఆ మాట అనండి. పోతాను.”

భార్గవరాయుడు దర్శకునివైపు చూచెను. అలనాడు నోరెత్తని నృసింహాచార్యులు నేడును నోరెత్తలేదు. ‘కట్’ అనవలసిన యా నోరు బిగిసియే యుండెను. ఫిలిము తరుగుచుండెను. పంపిణీదారులు చూచుచుండిరి. చావనొల్లని యా కన్నులలో ఆతనికి సంతయు, ఉమ్మియు, తెనాలిలోని పాడెయు గోచరించెనో యేమో, మొట్టమొదటిసారి యాతని గళము నటనను మరచెను.

“చంద్రహాసా! ద్రోహం చేసింది నువ్వు కాదు, నేను. నీ మంచిపేరు చూడలేక నింద నీమీద వేశాను.”

అప్పుడుగాని మాణిక్యాంబ మరణింపలేదు.

బెజవాడలో నాడు తెరపై చెప్పు పడిన హాలుననే చిత్రము విడుదలయ్యెను. ద్రోహిని కొట్టుటకై జనము చెప్పులు చేతబట్టుకొనియే కూర్చుండిరి. కొంగు ముసుగుతో వెనుకవరుసయందు కూర్చుండిన మాణిక్యాంబ ఆ చేతులనే చూచుచుండెను. తెరపై నా మాట వినబడెను. ఒక చెప్పు నేలబడెను, పిదప మరియొకటి, పిదప వానజల్లువలె నన్నియు. నేలతరగతినుండి యొక ముదుసలి లేచి, తెరయెదుట కర్పూరము వెలిగించి, “తప్పయిపోయింది తల్లీ!” యని చెంపలు వేసికొనెను.

నాటి చెప్పుదెబ్బకు చినిగిన తెరపై మాసిక యింకను నుండెను. హారతివెలుగు సరిగా నా మాసికపై, చంద్రహాస చెంపపై నిలిచెను. పాత ఋణము పూర్తిగా తీరెను. మాణిక్యాంబ ముసుగు తొలగించి, జనమధ్యమునుండియే బయటికి నడచెను.