వెనక చక్రాల దగ్గర

“నీకు పెద్ద పనేం లేదు. కూర్చుని తొక్కడమే” అన్నారు మా ఆయన.

ఆదివారం పొద్దున. పొయ్యి మీద కూర సగం ఉడికింది. వాషింగ్ మెషీన్‌లో బట్టలు తిరుగుతున్నాయి. దిద్దాల్సిన సైన్సు పేపర్లు భోజనాల బల్ల మీద కట్టగా ఉన్నాయి. మంట తగ్గించి, చేతులు తుడుచుకుంటూ షెడ్డులోకి వెళ్ళి కారులో కూర్చున్నాను. ఈ తొక్కడం నాకు కొత్త కాదు. పోయినేడాది ముందు చక్రాలకి బ్రేకులు మార్చినప్పుడూ నేనే తొక్కాను. బ్రేకులు విప్పి బిగించాక నూనె గొట్టాల్లో గాలి చేరుతుంది. దాన్ని బయటికి పంపాలంటే ఇద్దరు ఉండాలి. ఒకరు చక్రం దగ్గర కూర్చుని చిన్న మర వదులు చేస్తారు. ఇంకొకరు పైన బ్రేకు తొక్కి పట్టుకుంటారు. మా ఇంట్లో కిందివాళ్ళు చేసేదాన్ని పని అంటారు, పైవాళ్ళు చేసేదాన్ని సాయం అంటారు.

కారు మా పెళ్ళికన్నా పాతది. రెండే తలుపులు. కొత్తలో రోడ్డు మీద దీన్ని అందుకునే బండి ఉండేది కాదని మా ఆయన ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెబుతారు. ముందు చక్రాలకి గట్టి బ్రేకులు వేశాక వెనకవి చాలడం లేదు, గట్టిగా తొక్కితే బండి ముక్కు నేలకి రాస్తోంది. అందుకని వెనక్కి కూడా పెద్ద డిస్కులు, వాటిని రెండు వైపులా పట్టి బిగించే కాలిపర్లు తెప్పించారు. పెట్టెలు విప్పుతున్నప్పుడు ఆయన వేళ్ళు ఎంత మెత్తగా కదిలాయో చూశాను. అలాగని నాకు కారు మీద అసూయ లేదు. ఇనుముని చూసి కుళ్ళుకునేంత తీరిక నాకెక్కడిది? నా కుళ్ళంతా మా ఆడపడుచు మీద.

ఇంట్లో అందరూ ఆమెని పొట్టి అంటారు. చిన్నప్పుడు పెట్టిన పేరు. ఇప్పుడు అన్నగారికన్నా జానెడు పొడుగు. డిగ్రీ రెండుసార్లు తప్పి వదిలేసింది. ఇన్సూరెన్స్ కంపెనీలో గుద్దుకున్న బండ్లని చూసి ఎంత నష్టమో చెప్పే ఉద్యోగం చేస్తుంది. వేరే గది తీసుకుని ఉంటుంది. ఆదివారాలు వస్తుంది, పాత ప్యాంటు వేసుకుని, జుట్టు రబ్బరు బ్యాండుతో పైకి కట్టి, తిన్నగా కారు కిందికి దూరిపోతుంది. కాళ్ళు మాత్రం బయటికి కనిపిస్తుంటాయి. ఆ కాళ్ళని దాటుకుంటూ నేను టీ కప్పులు పట్టుకెళ్తుంటాను. మా అత్తయ్య వరండాలో కుర్చీ వేసుకుని మురిసిపోతుంటుంది. “దానికి చిన్నప్పట్నించీ అంతే, బొమ్మలు వద్దు, పానాలు కావాలి” అంటుంది. కోడలు అలా నేల మీద పడుకుంటే ఏమంటుందో నాకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి స్కూటర్ ప్లగ్గు విప్పి శుభ్రం చేసుకుంటుంటే, “అయ్యో, నీకెందుకమ్మా ఆ మురికి, వాడు చూసుకుంటాడుగా” అంది. ఎంతో ప్రేమగానే అంది. అంత ప్రేమగా అంటే ఎదురు చెప్పడానికి నోరెలా వస్తుంది? పానా డబ్బాలో పెట్టేశాను.

మా పుట్టింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషిని నేను. ఫిజిక్సులో డిగ్రీ. పెళ్ళిచూపుల్లో మా అత్తయ్య సంతోషపడి, చదువుకున్న పిల్ల కాబట్టి ఇల్లు చక్కగా దిద్దుకుంటుందని మా నాన్నతో అంది. మా నాన్న దాన్ని పొగడ్త అనుకున్నాడు. నేనూ అనుకున్నాను.

కారులో కూర్చుంటే కింద ఏం జరుగుతోందో కనపడదు. మాటలు వినపడతాయి. ఆ మాటలు వినడమే నాకు నరకం. మా ఆయన నాతో అనేవి మూడే మాటలు. తొక్కు. పట్టుకో. వదులు. చెల్లెలితో మాత్రం అలా కాదు. ఇది ఎందుకిలా ఉందో చెబుతారు, బోల్టు ఎంత బిగించాలో చర్చిస్తారు, చివర్లో “ఏమంటావ్?” అంటారు. ఇల్లు మారినప్పుడు, పిల్లాడి స్కూలు మార్చినప్పుడు, నా ఉద్యోగం ఊరవతలికి బదిలీ అయినప్పుడు, ఎప్పుడూ ఆయన నన్ను ఏమంటావ్ అని అడగలేదు. ఏం చేయాలో చెప్పారు, నేను చేశాను. ఇక్కడ గుప్పెడంత ఇనుప ముక్క గురించి చెల్లెలి అభిప్రాయం కావాలి. పైగా పని అయ్యాక మొదటి రౌండు పొట్టిదేనని మాటిచ్చారు. నాకూ లైసెన్సుంది. ఈ కారు తాళం నా చేతికి ఎప్పుడూ ఇవ్వలేదు, కడగడానికి బయటికి తీయాల్సి వచ్చినప్పుడు కూడా.

తొక్కాను. పట్టుకున్నాను. వదిలాను. రెండు చక్రాలూ అయ్యాయి. మళ్ళీ మొదలుపెట్టారు, మళ్ళీ అయ్యాయి. పాదం కింద పెడల్ మాత్రం తడి స్పాంజిలా దిగిపోతూనే ఉంది. పోయినేడాది ముందు చక్రాలు అయ్యాక పెడల్ గోడలా నిలబడింది, ఆ గట్టితనం నా అరికాలికి ఇంకా గుర్తుంది. ఇది అది కాదని చెప్పాను.

“నువ్వు సరిగ్గా తొక్కట్లేదు. పొద్దున ఏం తినలేదా?” అన్నారు ఆయన.

కిందినించి పొట్టి నవ్వింది. హాస్యానికే నవ్విందేమో. నాకు మాత్రం చెవులు మండాయి.

మూడోసారి అయ్యాక వాళ్ళిద్దరూ మంచినీళ్ళకి లోపలికి వెళ్ళారు. నేను దిగి వెనక చక్రం దగ్గర వంగి చూశాను. గాలిని వదిలే ఆ చిన్న మర కాలిపర్‌కి అడుగున ఉంది. రెండో వైపూ అంతే. ముందు చక్రం దగ్గరికి వెళ్ళి చూశాను. అక్కడ మర పైన ఉంది. ఇందులో పెద్ద విద్యేం లేదు. సీసాలో నీళ్ళు పోసి తిప్పితే బుడగ ఎటు పోతుందని ఆరో తరగతి పిల్లల్ని అడుగుతాను, అందరూ చేతులెత్తుతారు. గాలి పైకి చేరుతుంది. మర అడుగున ఉంటే ఎన్నిసార్లు తొక్కినా నూనె పోతుంది, గాలి పైనే కూర్చుంటుంది. అంటే కుడివైపు కాలిపర్‌ని ఎడమకి, ఎడమదాన్ని కుడికి తలకిందులుగా బిగించారు. బిగించింది పొట్టి.

అప్పుడు నాకు కలిగిన సంతోషం గురించి రాయడానికి కాస్త సిగ్గుగా ఉంది. వంటింట్లోకి వెళ్ళి కూర కలిపి దించి, పేపర్ల కట్ట పక్కకి జరిపి గిన్నెలు బల్ల మీద సర్దాను. బట్టలు తీసి ఆరేశాను. ఆ విషయాన్ని నోట్లో చప్పరిస్తూ తిరిగాను. వాళ్ళు నీళ్ళు తాగి వచ్చారు, నన్ను పిలిచారు, నేను మళ్ళీ కూర్చుని ఏమీ ఎరగనట్టు తొక్కాను. కాసేపు కుస్తీ పట్టనీ అనుకున్నాను.

కానీ ఆయనకి ఓపిక అయిపోయింది. “తిరిగితే అదే సర్దుకుంటుంది. పొట్టీ, తాళం తీసుకో” అన్నారు. చక్రాలు ఎక్కించి, జాకీలు దించారు. ఆమె డ్రైవర్ సీటు తలుపు దగ్గరికొచ్చి నేను దిగడం కోసం నిలబడింది. మొహం వెలిగిపోతోంది. ఈ పెడల్‌తో రోడ్డు మీదికి వెళ్తే ఏమవుతుందో ఆ షెడ్డులో నాకొక్కదానికే తెలుసు. ఇక చెప్పక తప్పదు. చెవిలో చెప్పినా సరిపోయేది. నేను వరండాలో ఉన్న అత్తయ్యకి వినపడేలా చెప్పాను.

“పొట్టీ, కుడిది ఎడమకి, ఎడమది కుడికి బిగించావు. గాలి పోదు. కావాలంటే ముందు చక్రంతో పోల్చి చూసుకో.”

మా ఆయన వంగి టార్చి వేసి చూశారు. లేచారు. పగలబడి నవ్వారు.

“మీ వదిన పైన కూర్చునే కనిపెట్టింది చూడు. నువ్వేమో గంటల తరబడి పడుకుని పొడిచావు. ఆడపిల్ల చేతికి పానా ఇస్తే ఇంతే మరి. నాకు బుద్ధి లేదు.”

ఆమె చేతిలోంచి తాళం తీసుకుని జేబులో వేసుకున్నారు. లాక్కున్నట్టు కూడా లేదు. పిల్లల చేతిలోంచి కత్తెర తీసినట్టు తీశారు. వరండాలోంచి అత్తయ్య, “ఇంకెన్నాళ్ళే ఆ ఆటలు. మీ వదినని చూసైనా నేర్చుకో” అంది. ఇందాక మురిసిపోయిన గొంతే.

ఇన్నేళ్ళుగా నేను ఎదురుచూసిన మెప్పు అది. తల్లీ కొడుకూ ఒకేసారి, నలుగురూ వినేలా. అది నాకిచ్చిన మెప్పు కాదని అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. పొట్టిని కొట్టడానికి వాళ్ళకి ఏదో ఒకటి కావాలి, చేతికి నేను దొరికాను. ఆమె స్వేచ్ఛని చూసి ఇంతకాలం కుళ్ళుకున్నాను. తప్పు చేయనంతవరకూ వాడుకోమని ఇచ్చిందది. అన్నగారు ఇష్టమైనప్పుడు ఇచ్చి, నవ్వుతూ తీసేసుకోగలిగేది. ఆ సంగతి ఆమెకి ముందే తెలుసేమో, అందుకే అంత జాగ్రత్తగా, అంత సేపు, తిండి కూడా మానేసి ఆ కింద పడుకునేదేమో.

పొట్టి చేతులు గుడ్డకి తుడుచుకుంటూ నా వైపు చూసింది. కోపం లేదు.

“నాకొక్కదానికే చెప్పుండాల్సింది వదినా” అంది మెల్లగా.

మా ఆయన అప్పటికే చొక్కా దులుపుకుంటూ, రేపు మెకానిక్‌ని పిలుస్తాననీ, ఇద్దరూ వెళ్ళి వడ్డించమనీ చెబుతున్నారు. పొట్టి పానాలు ఏరి డబ్బాలో పెడుతోంది.

నేను కారు దిగి, ఆ డబ్బాలోంచి ఒక పానా తీసుకుని వెనక చక్రం దగ్గర నేల మీద కూర్చున్నాను. చల్లగా, గరుగ్గా ఉంది నేల.

“నీకేం తెలుసని?” అన్నారు ఆయన.

“విప్పితే తెలుస్తుంది” అన్నాను.

పొట్టి వచ్చి నా చేతిలో పానా చూసి, “ఇది కాదు వదినా, దీనికన్నా పెద్దది” అంది. ముందు జాకీ ఎక్కించాలని చెప్పింది. నూనె మీద పడితే చర్మం మండుతుందని, చేతులకి తొడుగులిచ్చింది. చక్రం తీశాక మొదటి బోల్టు ఆమె ఒక్క గుంజుకి వదులు చేసింది. రెండోది నేను రెండు చేతులా పట్టి, మొహం ఎర్రబడేదాకా లాగాను. కదల్లేదు. ఆమె జబ్బల వైపు చూస్తే నాకు మళ్ళీ అసూయ వేసింది. ఈసారి దాన్ని దాచుకోలేదు. “నువ్వెలా లాగావో ఇంకోసారి చూపించు” అన్నాను. చూపించింది. మోచేయి కాదు, భుజం వాడాలట.

లోపల్నించి అత్తయ్య పిలిచింది, ఆకలేస్తోందనీ, వాడు చేతులు కడుక్కుని కూర్చున్నాడనీ.

“గిన్నెలన్నీ బల్ల మీదే ఉన్నాయి అత్తయ్యా” అన్నాను పానా వదలకుండా. “ఆయన్ని వడ్డించమనండి. మాకింకా రెండో వైపుంది.”