సఖర్‌ది ఏ ఊరు?

"ఆ అమ్మాయొచ్చేసరికి ఆ ఆకుల పని ముగించవోయ్, ముందు గదంతా ఉల్లిపాయల వాసన కొడుతోంది" అన్నాడు మా ఆయన నిమ్ర్, అద్దం ముందు నిలబడి కాలరు సర్దుకుంటూ. ద్రాక్షాకులు చుట్టడమంటే ఊరికే ముగిసే పనా? ఒక్కో ఆకునీ పళ్ళెంలో వెల్లకిలా పరచాలి, ఈనె గిల్లాలి, బియ్యమూ కైమా చిటికెడు పెట్టి చిటికెనవేలంత సన్నగా చుట్టి గిన్నెలో వరసగా పేర్చాలి. పొద్దున్న కూర్చుంటే నడుము పడిపోయేవేళకి ఒక గిన్నె నిండుతుంది. తినేవాళ్ళు మాట్లాడుకుంటూ మాట్లాడుకుంటూనే ఊడ్చేస్తారు. "మా ఉమ్ కిఫాహ్ చేతి వంట!" అని ఆయన వచ్చినవాళ్ళకి గొప్పగా చెప్పుకుంటాడు. ఉమ్ కిఫాహ్ అంటే కిఫాహ్ తల్లి. మాలో పెద్దకొడుకు పుట్టగానే ఆడదాని పేరు అటకెక్కుతుంది. ఆ కిఫాహ్‌కే ఇప్పుడు జుట్టు నెరిసింది. నా పేరు రిహాబ్ అని ఈ రామల్లాలో ఎందరికి తెలుసో నాకే తెలియదు.

ఆ రోజు వస్తానన్నది వార్తా సంస్థ నుంచి దీమా అనే అమ్మాయి. మా ప్రభుత్వ వార్తా సంస్థ పుట్టి యాభై ఏళ్ళు దాటిందట, చరిత్ర పుస్తకం వేస్తున్నారట. ఆఫీసు ముంగిట్లో ఒక గోడకి రాతిపలక పెట్టి, పనిలో ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళ పేర్లు చెక్కిస్తారట. మొదటి రోజుల నుంచీ ఉన్న సంపాదకుల్లో మిగిలింది మా ఆయనే. అందుకని ఆయన దగ్గరికి వస్తోంది.

వచ్చింది. చూడగానే నచ్చింది నాకు. బూట్లు విప్పుతూనే వంటింటి గుమ్మంలోంచి తొంగిచూసి "అమ్మయ్యో, ఇన్ని ఆకులా! ఒక్కరే చుడుతున్నారా పిన్నీ?" అంది. "చూసి జాలిపడకమ్మా, తినేటప్పుడు జాలిపడు, రెండు తక్కువ తింటావు" అన్నాను. పకపకా నవ్వింది. ఇంతలో ఆయన "రామ్మా, ఇటు కూర్చో" అని పిలిచి మొదలుపెట్టాడు.

చెప్పడంలో ఆయన్ని మించినవాడు లేడు. బేరూత్‌లో ఇరుకు వీధిలో అద్దెగది, తంతి మీద వార్తలు పంపే టెలెక్స్ మిషన్లు రెండు, చేత్తో తిప్పే సైక్లోస్టైలు. అక్కణ్ణుంచి శత్రుసైన్యం ఊరంతా చుట్టుముట్టిన ఆ ముట్టడి వేసవి, ఓడెక్కి ట్యూనిస్, ఆఖరికి స్వదేశంలో ఈ ఊరు. మూటలు కట్టుకుని దేశాలు తిరిగిన ఆఫీసు మాది. నేను ఆకులు చుడుతూ వింటున్నాను. ఆ గది తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె నిండిపోతుంది. రేకుల కప్పు కింద, శరణార్థి శిబిరంలో పుట్టిన పిల్లని. పంతొమ్మిదేళ్ళకి ఆ గదిలో నాకంటూ ఒక కుర్చీ దొరికింది. నా వెనక తలుపేసుకుని పని చేసుకునే చోటు దొరికింది. ఆ సంస్థ పచ్చగా ఉండాలని ఈ రోజుకీ కోరుకుంటాను.

ఆ కుర్చీ పక్క కుర్చీ నజాహ్‌ది. నాకు టెలెక్స్ నేర్పింది ఆవిడే. భారీ మనిషి, భారీ నవ్వు, వేళ్ళ మధ్య ఎప్పుడూ సిగరెట్టు. కాగితపు పట్టీ మీద చిల్లులు పడేలా ముందు వార్త కొట్టుకుని, లైను దొరికిన క్షణంలో ఆ పట్టీని మిషన్లో పెట్టి పంపేసేవాళ్ళం. నా పట్టీ తెగితే తిట్టేది కాదు, అతికించడం చూపించేది. ఒక్క విషయంలో మాత్రం నిప్పులు కక్కేది. చనిపోయినవాళ్ళ పేర్లు పంపేటప్పుడు ప్రతి పేరు పక్కనా వాళ్ళ ఊరు ఉండితీరాలి. పుట్టిన శిబిరం కాదు, తాతల ఊరు. ఆ ఊళ్ళు మేం పుట్టకముందే నేలమట్టమయ్యాయి. అయినా మావాళ్ళలో ఎవర్ని అడిగినా ఆ ఊరే చెప్తారు, పాలు తాగే పిల్లకి కూడా అదే నేర్పుతారు. ఒకసారి తొందరలో ఊరు వదిలేసి పంపబోయాను. నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఊరు లేకుండా పంపితే వాడు రెండోసారి ఊరు పోగొట్టుకుంటాడే పిచ్చిదానా!" అంది.

ముట్టడి మొదలయ్యాక ప్రతి వార్త కిందా పంపినవాళ్ళ పేరు కొట్టాల్సి వచ్చింది. అప్పుడు ఆఫీసుకి సంపాదకుడూ, అప్పటికే నా మొగుడూ అయిన నిమ్ర్ మా ఇద్దర్నీ పిలిచి "ఆడపేరుతో యుద్ధవార్త వెళ్తే ఎవడు నమ్ముతాడు? మీ ఇద్దరికీ కలిపి ఒక పేరు. సఖర్" అన్నాడు. సఖర్ అంటే బండ. ఉద్యమంలో అందరికీ మారుపేర్లుండేవి, అదేం వింత కాదు. నజాహ్ మాత్రం సిగరెట్టు పొగ వదిలి "ఒక మగాడికి మనమిద్దరం సరిపోయాం, చూశావా" అంది. అప్పణ్ణుంచి పగలు నేను సఖర్‌ని, రాత్రి ఆవిడ సఖర్.

మా అత్తగారి సంగతి కూడా చెప్పాలి. "మొగాళ్ళ మధ్య కూర్చుని టకటకలాడించే కోడలు దొరికింది నా ఖర్మకి" అని కనపడినవాళ్ళందరికీ చెప్పుకునేది. నీళ్ళు ఆగిపోయి, కరెంటు పోయి, అందరం ఆఫీసు భవనం కింద నేలమాళిగలో చేరిన రోజున ఆవిడే నా ఒళ్ళోంచి కిఫాహ్‌ని లాక్కుంది. "ఇటు తే పిల్లాణ్ణి. నువ్వు పో. మనం ఉన్నామో పోయామో లోకానికి చెప్పేవాళ్ళయినా ఉండొద్దూ?" అంది. అక్షరం ముక్క రాని మనిషి. ఆవిడకి ఎన్ని దణ్ణాలు పెట్టినా తీరదు.

ఒక మధ్యాహ్నం ఆ భవనం పైభాగం మీద బాంబు పడింది. నజాహ్ మిషన్ ముందు ఉంది. నేను నేలమాళిగలో పిల్లాడి దగ్గర ఉన్నాను. ఆవిడకి వెనకాముందూ ఎవరూ లేరు, అంతకుముందే వేరే శిబిరంలో అందరూ పోయారు. అడిగేవాళ్ళు లేనిదాన్ని హడావిడిగా పూడ్చిపెట్టేసి ఓడెక్కాం.

ట్యూనిస్‌లో ఆఫీసు తెరిచారని తెలిసి, నన్నూ పనిలోకి తీసుకోమని అడిగాను. నిమ్ర్ తల గోక్కున్నాడు. "సఖర్ అమరుడయ్యాడని సంస్థ పెద్దాయనతో చెప్పేశానే. ఇప్పుడు బతికొచ్చాడని ఏ మొహంతో చెప్పను? అయినా పిల్లాణ్ణి ఎవరు చూస్తారు?" అన్నాడు. అంతే, నా కథ కంచికి వెళ్ళింది. తరవాత ఆయన గిలికి తెచ్చిన కాగితాలన్నీ వంటింటి బల్ల మీద నేనే టైపు చేశాను, గరిటె ఒక చేత్తో, తప్పులు దిద్దడం ఒక చేత్తో. "నీ అక్షరం ముత్యం" అనేవాడు. జీతం ఇచ్చే ముత్యం కాదు మరి. చెడ్డవాడని అనను. ముట్టడిలో నాకూ పిల్లాడికీ నీళ్ళ కోసం బాంబుల మధ్య బిందె భుజానేసుకుని పోయినవాడు. ఆ నీళ్ళు తాగి బతికాను, అది మర్చిపోలేను. ఆ నీళ్ళ ఋణానికే ఇన్నేళ్ళూ నోరు మూసుకున్నాను కూడా.

ముందు గదిలో దీమా గొంతు వినిపించింది. "మాస్టారూ, పలక మీద ఒక్క పేరు దగ్గర ఆగిపోయాం. అందరికీ ఊళ్ళున్నాయి. బేరూత్ ఆపరేటర్ సఖర్‌కి లేదు. ఆయనది ఏ ఊరు?"

నా వేళ్ళ మధ్య ఆకు చిరిగింది.

నిమ్ర్ దగ్గాడు. "సఖరా? గొప్ప ధైర్యవంతుడమ్మా. తన సంగతులు ఎవరికీ చెప్పుకునేవాడు కాదు. ఊరు ఖాళీగా వదిలెయ్యండి."

ఖాళీగా వదిలెయ్యండి! ఒళ్ళు భగ్గుమంది. నా ఉద్యోగం పోతే పోయింది, నా పేరు పోతే పోయింది. ఇప్పుడు నేను ఊరుకుంటే నజాహ్ ఒక మగాడి పేరు కింద, ఊరు లేకుండా, ఆ రాతిలో శాశ్వతంగా పడి ఉంటుంది. ఆవిణ్ణి ఎరిగినవాళ్ళలో మిగిలింది మేమిద్దరమే. అందులో ఒకరు ఇప్పుడే చేతులు దులిపేసుకున్నారు.

చేతులు తుడుచుకోకుండానే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

"అల్-బస్సా" అన్నాను.

"ఉమ్ కిఫాహ్..." అన్నాడు నిమ్ర్.

"సఖర్ అనే మగాడు ఈ భూమ్మీద పుట్టలేదమ్మా దీమా. అది ఇద్దరాడవాళ్ళకి కలిపి పెట్టిన పేరు. ఒకామె నజాహ్, అల్-బస్సా ఊరు. బాంబు పడినప్పుడు మిషన్ ముందున్నది ఆమె. ఆమె పేరు చెక్కండి."

దీమా నోరు తెరుచుకుని ఆయన వైపు చూసింది. నేనూ చూశాను. ఆయన కాదంటే నా మాట ముసలిదాని చాదస్తం కింద కొట్టుకుపోతుంది. నిమ్ర్ కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని, మళ్ళీ తీశాడు.

"నిజమే" అన్నాడు చివరికి. "పేరు పెట్టింది నేనే. అబద్ధం చెప్పిందీ నేనే. రాసుకో తల్లీ." ఆ మాట అన్నందుకు, ఇంత ఆలస్యంగా అన్నా సరే, ఆయనకి మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

దీమా కళ్ళు చెమర్చాయి. "మరి రెండో ఆవిడ?"

"సుహ్మాతా ఊరి పిల్ల, రిహాబ్. పలక మీద పెట్టకు తల్లీ, ఇంకా ఆకులు చుడుతూనే ఉంది."

లేచొచ్చి నా జిడ్డు చేతుల్ని రెండు చేతులతో పట్టుకుంది ఆ పిల్ల. ఊరు అడగాలని తోచినందుకు ఆ చల్లని తల్లికి నేనెలా కృతజ్ఞత చెప్పను?

"పిన్నీ, ఈ పుస్తకంలో నజాహ్‌గారి గురించి అంతా మీ నోటితోనే రావాలి. ఆఫీసుకి రావడం మీకు శ్రమైతే నేనే మళ్ళీ ఇక్కడికి వస్తాను" అంది.

"ఆవిడకెందుకమ్మా ఈ శ్రమంతా, వద్దు" అని నిమ్ర్ అలవాటుగా నా తరఫున మొదలుపెట్టాడు. నేను చెయ్యెత్తి ఆపాను.

"నేనే ఆఫీసుకొస్తాను దీమా, రేపట్నుంచి రోజూ వస్తాను. బాంబు పడిన ఆ మధ్యాహ్నం డ్యూటీ నాది. మా వాడికి జ్వరమని నన్ను కిందికి పంపేసి, నా కుర్చీలో నజాహ్ కూర్చుంది."