చీటీ లేని బిల్లు

నాలుగో బిల్లుకు గుండుసూది గుచ్చి, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు కోతల మాస్టారు. ఆయన బడిపంతులేమీ కాదు, ఆఫీసులో బిల్లుల గుమాస్తా. ఏ బిల్లు వచ్చినా ముందు పన్ను కోసి మిగతాదే చెల్లిస్తాడని ఆ పేరు పెట్టారు. జన్మలో ఒక్క గొప్ప చెప్పుకోని మనిషికి ఆ పేరు రావడం తమాషాయే.

సాఫ్ట్‌వేర్ బిల్లయితే ఆయన పద్ధతి వేరు. పసుపు చీటీ మీద గుండ్రటి అక్షరాలతో ఒకటే ప్రశ్న రాసి గుచ్చేవాడు: ‘కొన్నామా? వాడుకోవడానికి అనుమతి తీసుకున్నామా?’ కొంటే కోత లేదు. అనుమతైతే అమ్మినవాడి పన్ను మనమే ముందు పట్టుకుని సర్కారుకు కట్టాలి. చీటీ మీద జవాబు పడందే బిల్లు ఆయన బల్ల దాటేది కాదు.

పదకొండేళ్ళ కిందట ఈ చీటీ లేదు. పెట్టెలో వచ్చిన సాఫ్ట్‌వేర్‌ను కుర్చీ కొన్నట్టే కొన్నామనుకుని పూర్తి సొమ్ము పంపించేశాడు. అది అనుమతే, పన్ను పట్టుకోవలసిందేనని పన్నులవాళ్ళు జరిమానా వేశారు. కంపెనీ అప్పీలుకు వెళ్ళింది. మాస్టారి కుర్చీని కిటికీ పక్కనుంచి బీరువాల వెనక్కి మార్చేశారు. ప్రమోషన్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఎవరేమన్నా పడేవాడు గానీ, నిజంగా తనది తప్పేనా అన్న సందేహం ఆయన్ను లోలోపల తొలిచేసేది. ఆ బిల్లు నకలు సొరుగులోనే ఉంది. ఆయన చేతి మీదుగా పోయిన సాఫ్ట్‌వేర్ బిల్లుల్లో చీటీ లేనిది అదొక్కటే.

మధ్యాహ్నం మేనేజరు చేతిలో ఏదో కాగితంతో గబగబా వచ్చాడు. వయసులో మాస్టారి కొడుకంత ఉంటాడు.

"అమ్మినవాళ్ళ దగ్గర్నుంచి జవాబు రాలేదు సార్. రాకుండా పంపలేను," అన్నాడు మాస్టారు, ఎడమ భుజం నొక్కుకుంటూ.

"బిల్లు కాదండీ బాబూ! అప్పీలు తీర్పు వచ్చింది. ఆ పెట్టె మనం కొన్నట్టేనంట. పన్ను పట్టక్కర్లేదంట. అప్పుడు మీరు చేసింది కరెక్టే."

"ఆ ముక్క ఇంకోసారి చదవండి సార్," అన్నాడు మాస్టారు. మేనేజరు చదివాడు. చదువుతూ చదువుతూ తల దించుకున్నాడు.

అతను వెళ్ళాక మాస్టారు ఇంటికి ఫోన్ చేశాడు. "అది తప్పు కాదంట," అన్నాడు.

ఏది అని అడగలేదు ఆయన భార్య. పదకొండేళ్ళుగా ఆ ఇంట్లో ‘అది’ అంటే ఒకటే. "నాకు ముందే తెలుసు," అంది. "ఇవాళైనా పెందలాడే వచ్చెయ్యండి."

"ఒక్క బిల్లుంది. చూసుకుని వచ్చేస్తా."

నాలుగింటికి టీ తెచ్చే ఆవిడ బల్ల మీద గ్లాసు పెట్టి వెళ్ళింది. ఐదింటికి గ్లాసు కోసం వస్తే టీ మీద మీగడ కట్టి ఉంది. మాస్టారు బల్ల మీద తల వాల్చి ఉన్నాడు. "మాస్టారూ, టీ చల్లారిపోయింది," అని రెండుసార్లు పిలిచి, భుజం తట్టి, చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. పాపం, పదకొండేళ్ళు మోసిన బరువు దించుకుని ఒక్క పూటైనా ఇంట్లో కూర్చోలేదు.

డాక్టరు వచ్చి వెళ్ళాక, మాస్టారి అరచేతి కింది కాగితాన్ని మేనేజరు మెల్లగా తీశాడు. అంచులు నలిగిన పాత బిల్లు నకలు. దానికి కొత్త గుండుసూదితో గుచ్చిన పసుపు చీటీ. ప్రశ్న కింద గుండ్రటి అక్షరాలతో ‘కొన్నాం’ అని ఉంది.